ఆదం తల్లి

ఒక జాతి నాగరకతను సౌధములచేతను, సేనలచేతను, ఖజానాచేతను కొలుచువారు లోకమున పెక్కండ్రు కలరు. మేము వేఱొక కొలమానమును పాఠకుల ముందుంచ దలచితిమి. నెలలు నిండిన యొక స్త్రీ, భర్త పేరు చెప్పుకొనుటకు వీలులేనిది, సంజవేళ వీధివెంట వచ్చి తలుపు తట్టినదనుకొనుడు. లోపలివారు ఏమి చేయుదురు? ఇరుగుపొరుగువారు ఏమందురు? ఆ దేశపు శాసనము ఆమెను ఏమని పిలుచును? ఈ మూడు ప్రశ్నలకు వచ్చు ప్రత్యుత్తరములను బట్టి ఆ జాతి యెక్కడ నిలిచియున్నదో చెప్పవచ్చును. ఈ ప్రశ్నలను మూడింటిని ఒక్క చిన్న యింటిలో, పిండి పిసుకు ఒక్క బల్లయొద్ద నిలిపి చూపిన చలనచిత్రమొకటి మొరాకో దేశమునుండి వచ్చినది. దాని పేరు 'ఆదం'.

ఈ చిత్రమునకు కథ కూర్చి దర్శకత్వము వహించినది మరియం తూజానీ యను మహిళ. ఆమె తీసిన పూర్తి నిడివి కథాచిత్రములలో నిదియే మొదటిది. 2019వ సంవత్సరమున ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవమున ఇది ప్రదర్శితమయ్యెను. ఆ యేటి చిత్రములకై జరిగిన ఆస్కారు పోటీకి మొరాకో దేశము దీనినే తన పక్షమున పంపెను. ఇందు పోరాటములు లేవు, నాట్యములు లేవు, వేలాది జనసమూహములు లేవు. ఒక వంటగది, ఇద్దఱు స్త్రీలు, ఒక బాలిక, చివరకొక పసికందు. నూఱు నిమిషములలో కథ ముగియును. అయినను చూచిన పిమ్మట చాలదినములవఱకు ఆ వంటగది మా కన్నులయెదుట నిలిచియేయున్నది.

కథ గాలినుండి పుట్టినది కాదు. తూజానీగారి తలిదండ్రులు తాంజియరు పట్టణవాసులు. వివాహము కాకయే గర్భవతియైన యొక పరాయి యువతి వారి తలుపు తట్టగా, వారామెను లోనికి పిలిచి, ప్రసవమువఱకు తమ యింట నుంచుకొనిరట. ఆ యువతి పిమ్మట బిడ్డను పరులకప్పగించి వెడలిపోయెను. ఏండ్లు గడచి, తాను తల్లి కాబోవుచున్న సమయమున తూజానీగారికి ఆ యువతి ముఖము మరల జ్ఞప్తికి వచ్చెను. కడుపులోని బిడ్డ కదలికను తాను సంతోషముతో నెదురుచూచుచుండగా, నాడా యువతి అదే కదలికను ఎంత భయముతో నెదుర్కొనియుండునో యని ఆమెకు తోచెను. ఆ తలపునుండి యీ చిత్రము పుట్టినది.

ఇక కథ. కాసాబ్లాంకా పాతపట్టణపు ఇఱుకుసందులలో సామియా యను యువతి ఇంటింటికి తిరిగి పని యడుగుచున్నది. ఆమె నిండుచూలాలు. ఇంటిపనియైనను సరే, మఱి యే పనియైనను సరే చేసెదనని చెప్పుచున్నది. ఆమె కడుపు చూచినవారు మాట తప్పించి తలుపు మూయుచున్నారు. అబ్లా యను వితంతువును మొదట అట్లే మూసెను. ఈ అబ్లా తన యింటిలోనే రొట్టెలును పిండివంటలును చేసి, వీధివైపు కిటికీనుండి అమ్ముకొని, ఎనిమిదేండ్ల కూతురు వర్దాను పెంచుకొనుచున్నది. మాట కఱకు, నవ్వు మఱచిన మనిషి. అయినను ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. కిటికీనుండి చూడగా ఆ చూలాలు ఎదుటి వీధిలో ముడుచుకొనియున్నది. చాలసేపు తనతో తాను పెనగులాడి, తుదకు క్రిందికి దిగి, ఆమెను లోనికి పిలిచెను. పిలుచునప్పుడైనను మెత్తని మాట లేదు. కొన్నాళ్లపాటే సుమా యని హెచ్చరిక మాత్రము కలదు.

ఈ పెనగులాటయే చిత్రమునకు బలము. అబ్లాను దర్శకురాలు దేవతగా చిత్రింపలేదు. పొరుగువారి నోళ్లకు వెఱచినది, కూతురి భవిష్యత్తుకై వెఱచినది, తన కూడుకే చాలీచాలని దుకాణము కలది. అట్టి సామాన్యురాలు తలుపు తెఱచినది కావుననే ఆ తెఱచుట మన హృదయమునకు తగులును. ధనికుడు సత్రము కట్టించుటలో గొప్ప కలదు. అయితే తన చాపలో సగము పరాయిదానికి పఱచి యిచ్చిన పేదరాలి గొప్ప మా యెన్నికలో నంతకంటె నెక్కువ.

మొరాకోలో ర్జీజా యను నొక పిండివంట కలదు. పిండిని నూలుపోగులవలె సన్నగా సాగదీసి, పోగులను చుట్టచుట్టి పెనముమీద కాల్చుదురు. ఆత్రేయపురమున పూతరేకులు తీయు స్త్రీల చేతులకెంత ఓర్పు కావలయునో దీనికి నంత ఓర్పు కావలయును. ఓపికలేక అబ్లా దానిని చేయుట మానివైచినది. ఊరక తిని కూర్చుండనొల్లని సామియా ఒకనాడు ర్జీజా చేసి అమ్మకమున కుంచగా, వచ్చినవారు మరల మరల అడిగి కొనిరి. ఈ విధముగా ఇద్దఱి నడుమ మొదటి బంధము పనిమూలమున ఏర్పడినది. నాలుగు చేతులు ఒకే పిండిలో పడినవి. మాటలచే కరగని మనసు పనిచే కరగుట మన పల్లెలలో నాట్లువేయు స్త్రీలకును, అప్పడములు ఒత్తు స్త్రీలకును తెలిసిన విషయమే. పరిచయము లేనివారు ఒక వరుసలో నిలిచి నడుము వంచిరేని సాయంకాలమునకు వదినయనియు, అక్కయనియు పిలుచుకొందురు.

ఇచ్చుట ఒక్కవైపునుండియే జరుగలేదు. అబ్లా గుండెలోను ఒక మూసిన గది కలదు. ఆమె భర్త ప్రమాదమున మరణించెను. ఆచారము పేర జనులు ఆ దేహమును ఆమెకు దక్కనీయక, కడసారి వీడ్కోలు చెప్పుకొననీయక, హుటాహుటిని ఖననమునకు గొనిపోయిరి. నాటినుండి ఆమె యింట పాట లేదు. కూతురికి పేరు పెట్టినది అరబ్బుదేశములయందెల్ల ఖ్యాతిగాంచి 2012లో దివంగతురాలైన వర్దా యను గాయనిమీది మక్కువతో. అట్టి గాయని పాటయే ఆ యింట నిషిద్ధమయ్యెను. సామియా ఒకనాడు ఆ పాటను మ్రోగించి, అబ్లా ఆపబోగా ఆమె చేతులు పట్టి నిలిపి, వినుమని పట్టుబట్టెను. ఆమె విదలించుకొనును, కోపించును, ఏడ్చును. తుదకు ఆమె దేహము తనంత తాను పాటకు కదలును. లుబ్నా అజబాల్ యను నటి ఈ ఘట్టమున చూపిన నేర్పు అసామాన్యము. సామియాగా నటించిన నిస్రీన్ ఎర్రాదీయు ఆమెకు తీసిపోలేదు.

ఇంటిని కోల్పోయినది సామియా. తన్ను తాను కోల్పోయినది అబ్లా. ఒకతె గౌరవనీయ గృహిణి, ఒకతె లోకము వెలివేసిన చెడిపోయిన పడుచు. లోకము వీరిద్దఱి నడుమ గీసిన గీత యెంత పలుచనిదో ఆ వంటగదిలో తెలిసిపోవును. భర్త దేహముపై భార్యకు హక్కు లేదనిన ఆచారమును, కన్నబిడ్డపై కన్యకు హక్కు లేదనుచున్న ఆచారమును ఒక్క చెట్టు కొమ్మలే. అందుచేతనే యీ యిరువురును ఒకరినొకరు గుర్తుపట్టిరి.

చిత్రమంతయు వెదకినను బిడ్డ తండ్రి కానరాడు. అతడెవరో, ఏమి చెప్పి మోసగించెనో, ఎక్కడ సుఖముగా నున్నాడో ఒక్క మాట లేదు. కొందఱు దీనిని లోపమందురు. న్యాయవాదవృత్తిలో రెండుపదుల యేండ్లు గడపిన మాకు మాత్రమిది నిజమునకు మిక్కిలి దగ్గఱగా తోచినది. అతడు కథలో లేడు, ఏలయన శాసనములోను లేడు.

ఈ మాట వివరింపవలసియున్నది. చిత్రము వెలువడిన 2019 నాటి మొరాకో శిక్షాస్మృతిలోని 490వ ప్రకరణము, పెండ్లి లేని స్త్రీపురుషుల సంగమమును నేరముగా నెంచి, ఒక నెలనుండి ఒక సంవత్సరమువఱకు కారాగారశిక్షను విధించుచుండెను. అక్షరమును చూచినచో శాసనము ఇరువురకును సమానమే. సాక్ష్యమును చూచినచో సమానత్వము మాయమగును. పురుషుడు చేతులు దులుపుకొని పోవును. స్త్రీ ఆ సాక్ష్యమును తొమ్మిది నెలలు కడుపున మోసి, పిమ్మట చంకనెత్తుకొని తిరుగవలెను. ఆ 2019లోనే, సెప్టెంబరు మాసమున, నవలాకారిణి లేలా స్లిమానీ, చిత్రదర్శకురాలు సోనియా తెర్రాబ్ గార్లు పూనుకొని, మేమందఱము ఈ శాసనము దృష్టిలో అపరాధులమే యని ప్రకటించు లేఖను వెలువరింపగా, ఆ ప్రకరణసంఖ్యకు సరిగా 490 మంది తొలుత సంతకములు చేసిరి. ఈ చిత్రమును, ఆ లేఖయు ఒకే యేట రావడమును మేము గమనించితిమి.

2004లో ఆ దేశము తన కుటుంబశాసనమును సంస్కరించినది. వివాహవయస్సును పదునెనిమిదేండ్లకు పెంచినది; సంసారభారమును భార్యాభర్తల ఉమ్మడి బాధ్యతగా చేసినది. ఇవి మెచ్చదగిన మార్పులు. కాని వివాహము వెలుపల జన్మించిన శిశువునకు తల్లితో బంధుత్వము కలదనియు, తండ్రితో లేదనియు చెప్పు నియమము అట్లే నిలిచినది. 2002లో వచ్చిన జనననమోదు శాసనము ప్రకారము అవివాహిత మాత తన బిడ్డను నమోదు చేయించుకొనవచ్చును. అయితే తండ్రి గడిలో నిజమైన తండ్రి పేరునకు బదులుగా 'అబ్ద్' అను మాట గల యొక కల్పితనామమును ఎంచుకొని వ్రాయింపవలెను. ఉన్న తండ్రి పేరు వ్రాయరాదు, లేని తండ్రి పేరు వ్రాయకతప్పదు! ఇంతకంటె చేదైన హాస్యమును ఏ నాటకకర్తయు కల్పింపజాలడు.

2017లో తాంజియరునందలి క్రింది న్యాయస్థానమొకటి ఈ చీకటిలో చిన్న దీపము వెలిగించినది. రక్తపరీక్షాశాస్త్రము ఫలానివాడే తండ్రియని తేల్చియుండగా, అతడా బిడ్డకు జన్మహేతువని యంగీకరించి తల్లికి నష్టపరిహారము చెల్లింపుమని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. 2020లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము కొట్టివేతనే స్థిరపఱచెను. 2024 డిసెంబరులో కుటుంబశాసనమునకు మరల సవరణలు ప్రతిపాదించినపుడు, రక్తపరీక్షచే పితృత్వమును నిర్ణయించు విషయమును మతపండితుల ఉన్నతమండలి అంగీకరింపలేదు.

ఇది చదువుచుండగా మాకు మన భారతమునందలి శకుంతల జ్ఞప్తికి వచ్చినది. కొడుకును వెంటబెట్టుకొని ఆమె రాజసభలో నిలిచినది. ఎదుట కూర్చున్న తండ్రియే న్యాయాధిపతి. ఎఱుగననెను. సాక్షులు లేరు. ఆమె ధర్మము చెప్పినది, సత్యము చెప్పినది; సభ కదలలేదు. అప్పుడు అశరీరవాణి పలికి, వీడు నీ కొడుకేయని చాటగా దుష్యంతుడు అంగీకరించెను. తల్లి మాట చాలనిచోట ఆకాశము సాక్ష్యమీయవలసివచ్చెను. మన కాలమున రక్తపరీక్షాశాస్త్రము అట్టి అశరీరవాణియే. అది పక్షపాతము నెఱుగదు, లంచము నెఱుగదు. ఆ వాణి పలుకుచుండగా దుష్యంతుడైనను తల వంచెను. న్యాయస్థానము చెవులు మూసికొనుట యేమి ధర్మము?

అదే దేశమున వేఱుమార్గము త్రొక్కిన వనితారత్నము నొకతెను స్మరింపకుండుట కృతఘ్నత యగును. ఆయిషా ఎష్షెన్నా యను ఆరోగ్య సేవకురాలు, తాను బాలెంతరాలై యుండి పనికి తిరిగివచ్చిన దినములలో, ఒక అవివాహిత మాత తన బిడ్డను అప్పగించుచుండగా చూచెను. పాలు త్రాగుచున్న శిశువును రొమ్మునుండి లాగినంతనే ఆ తల్లి పాలు చిమ్మి బిడ్డ ముఖముమీద పడినవట. ఆ దృశ్యము ఆమెను ఆ రాత్రి నిద్రపోనీయలేదు. 1985లో ఆమె కాసాబ్లాంకాలో అట్టి తల్లులకై స్త్రీ సంఘీభావ సంస్థను నెలకొల్పెను. బిడ్డను తల్లినుండి వేఱుచేయకుండ, తల్లికి వంటపని, పిండివంటలపని నేర్పి, ఆ సంస్థ భోజనశాలలలో పని కల్పించి, తన కాళ్లమీద తాను నిలుచునట్లు చేసెను. తిట్లు తినెను, బెదరింపులు పొందెను, పని మానలేదు. 2009లో ఆమెకు పదిలక్షల డాలర్ల ఓపస్ బహుమానము లభించెను. 2022లో కీర్తిశేషురాలయ్యెను. చిత్రములోని వంటగదికిని, ఆమె నడిపిన వంటశాలలకును గల పోలికను చూచినపుడు, కథ యెక్కడ ముగిసి వాస్తవము ఎక్కడ మొదలగునో చెప్పలేము.

పరదేశపు తప్పులెన్నుట సులభము. మన యిల్లు చూచుకొందము. మన శాసనము ఈ విషయమున కొంత మేలు. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడే, వివాహము వెలుపల పుట్టిన బిడ్డకు సైతము తండ్రి మనోవర్తి ఈయవలెనని విధించినది. ఆ నియమము 1973 కోడులోను, 2023లో వచ్చిన నూతన సంహితలోను నిలిచియున్నది. 1956 నాటి హిందూ మైనారిటీ చట్టము అట్టి బిడ్డకు తల్లినే మొదటి సహజ సంరక్షకురాలిగా నంగీకరించినది. 2015లో మన సుప్రీంకోర్టు, అవివాహిత మాత తండ్రి పేరు బయటపెట్టకయే, అతనికి నోటీసు పంపకయే, బిడ్డ సంరక్షకత్వమును పొందవచ్చునని తీర్పు చెప్పెను. 2016లో పాసుపోర్టునకు తలిదండ్రులలో ఒక్కరి పేరు చాలునని నియమము మార్చిరి. 2018లో పాన్ కార్డునకు తండ్రి పేరు తప్పనిసరి కాకుండ తల్లులకు వెసులుబాటు కల్పించిరి.

శాసనము ఇంత చేసినను కోర్టు బోనులో నిలిచిన స్త్రీ గతి యేమి? కొన్ని యేండ్లక్రిందట ఒక మనోవర్తి వ్యాజ్యమున మేమొక యువతి పక్షమున వాదించితిమి. ఏడాది నిండని బిడ్డతో ఆమె వాయిదా వాయిదాకు వచ్చుచుండెను. అడ్డుపరీక్షలో ఎదుటి వకీలు ఆమె నడవడినిగూర్చి గంటసేపు ప్రశ్నించెను. ఆమె ఎవరితో మాటాడెను, ఏ బస్సెక్కెను, చీకటిపడి ఎన్నిగంటలకు ఇల్లు చేరెను? ప్రతివాదిని మేమడిగిన నాలుగు ప్రశ్నలకు అతడు నవ్వుచు ఎఱుగననెను. ఆ గంటయు ఆమె బిడ్డ ఎక్కడనుండెనో తెలియునా? కోర్టు ఆవరణమున వేపచెట్టుక్రింద ఇడ్లీలమ్ము ముసలమ్మ ఒడిలో. ఇద్దఱును ఒక ఊరివారు కారు, ఒక కులమువారు కారు. "నువ్వెళ్లి నిజం చెప్పిరా తల్లీ, పిల్లని నేను చూసుకుంటా" నని ఆమె అనిన మాట మేము విన్నాము. పరీక్షలో తండ్రి యితడేయని తేలి, మనోవర్తి మంజూరయ్యెను. ఆ వ్యాజ్యము తలచినపుడెల్ల మాకు మా వాదము గుర్తుకు రాదు, ఆ ముసలమ్మ ఒడి గుర్తుకు వచ్చును. 'ఆదం' చిత్రమున అబ్లాను చూచినంతనే, ఈమెను మేమెఱుగుదుమే యని యనుకొంటిమి.

ఇట్టి చిత్రములు స్త్రీలను చెడుదారి పట్టించుననువారు కలరు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిననాడును ధర్మము చెడిపోవునని కేకలువేసినవారుండిరి. ధర్మము చెడలేదు, కొన్ని జీవితములు నిలిచినవి. సామియా పడిన పాట్లు చూచి, ఆహా ఇట్టి బ్రతుకు మాకును కావలెనని ఏ బాలికయు కోరదు. చిత్రము పాపమును పొగడలేదు. శిక్ష ఎవరి నెత్తిమీద పడుచున్నదో చూపినదంతే. నేరమున్నదనుకొన్నను, ఆ పసికందు చేసిన నేరమేమి? ఏ స్మృతిలోను, ఏ కోడులోను లేని నేరమునకు పుట్టినదినమునుండి శిక్ష ననుభవించువాడు వాడొక్కడే.

మఱికొందఱు వేఱొకరీతిగా ఆక్షేపింతురు. తల్లియైనది బిడ్డను పరులకిచ్చివేయ దలచుట యెట్లు? ఆమె హృదయము రాయియా? సామియా ప్రసవించిన పిమ్మట మగశిశువును చూడనొల్లదు, ఎత్తుకొననొల్లదు, పాలీయనొల్లదు. బిడ్డ ఏడ్చుచుండును, ఆమె గోడవైపు తిరిగి పడుకొనును. ఈ ఘట్టము చూచుట కష్టము. అయితే ఆమె ఏల చూడనొల్లదు? చూచినచో విడువలేనని తెలియును గనుక. ఉంచుకొన్నచో తండ్రి పేరులేనివాడని బడిలోను బజారులోను వీనిని గేలిచేయుదురు. ఇచ్చివేసినచో ఎవరి యింటనో పేరుతో పెరుగును. ఆమె నిర్దయ వెనుకనున్నది ఈ లెక్క. కుంతి పెట్టెలోనుంచి ఏటిలో విడిచినపుడును ఇదే లెక్క వేసికొనియుండును. మనము వేలయేండ్లుగా కర్ణునికై కన్నీరు కార్చితిమి. వాని నెత్తుకొని పెంచి రాధేయుడను పేరిచ్చిన సూతుని భార్యను మెచ్చితిమి. కుంతిచే ఆ పెట్టెను చేయించిన లోకనిందను మాత్రము ఒక్కనాడును బోనులో నిలువబెట్టలేదు.

తుదకు సామియా బిడ్డను చూచును. చిన్నివ్రేళ్లను, పాదములను తడిమి చూచును. పాలిచ్చును. పేరు పెట్టును. ఆ పేరే ఆదం. ఈ పేరునందు ఎంత యర్థమున్నదో! ముస్లిములు ఆదం అనియు, క్రైస్తవులు ఆదాము అనియు పిలుచు ఆ యాదిపురుషునకు తండ్రి లేడు. తండ్రి లేనివాడే మానవులందఱకును తండ్రియని ఆ గ్రంథములు చెప్పుచున్నవి. కల్పిత పితృనామమును వ్రాయుమని నిర్బంధించు కచ్చేరీలకు ఇంతకంటె గంభీరమైన ప్రత్యుత్తరము లేదని మేము తలచుచున్నాము. దర్శకురాలు ఈ యర్థము నుద్దేశించెనో లేదో, పేరు మాత్రము దానిని పలుకుచున్నది.

ఇంతలో కథ ముగియును. అబ్లాయు వర్దాయు నిద్రించుచుండగా, వేకువను సామియా బిడ్డను గొని ఆ యింటినుండి నిశ్శబ్దముగా వెడలిపోవును. అప్పగించుటకు పోయెనా, పెంచుకొనుటకు పోయెనా? చిత్రము చెప్పదు. ఇంత ప్రేమ దొరికిన యింటిలో ఆమె ఏల నిలువలేదని చాలమంది ప్రేక్షకులు నొచ్చుకొందురు. మేమును మొదట నొచ్చుకొంటిమి. ఆలోచింపగా, చిత్రము చెప్పదలచినది ఈ ముగింపులోనే యున్నదని తెలిసినది. అబ్లా ఈయగలిగినదంతయు ఇచ్చెను: చాప, రొట్టె, పని, స్నేహము. ఆమె ఈయజాలనిది ఒక్కటి కలదు. తండ్రిచే బాధ్యత వహింపజేయు శాసనమును ఆమె ఈయజాలదు. బిడ్డ పేరున మచ్చలేని కాగితమును ఈయజాలదు. వీధి వీధినంతటిని మార్చజాలదు. దయ వేఱు, న్యాయము వేఱు. దయ తలుపు తెఱచును. తలుపు వెలుపల నిర్భయముగా నడుచు హక్కును న్యాయమే యీయవలెను. దయామయురాలైన యొక స్త్రీ యింట దొరికిన ఆశ్రయము ఎంత గొప్పదైనను, అది న్యాయమునకు బదులు కాజాలదు. ఈ చిత్రము సుఖాంతమైయుండినచో మనము కన్నులు తుడుచుకొని, అబ్లావంటివారుండగా లోకమునకేమి కొదువ యని ఇంటికి పోయి నిద్రించియుందుము. దర్శకురాలు మనకా నిద్రనీయలేదు.

కావున మన కర్తవ్యమేమి? మనకు శాసనము కొంత కలదు. దానికి ప్రాణము పోయవలెను. ఇట్టి వ్యాజ్యములను బహిరంగ సభలో గాక ఆంతరంగికముగా విచారింపవలెనని న్యాయవాదులు పట్టుబట్టవలెను. తల్లి నడవడినిగూర్చి బిడ్డ మనోవర్తితో సంబంధములేని ప్రశ్నలు వేయనీయరాదు. అట్టి ప్రశ్నలు వేయుట తమ వృత్తికి గౌరవము కాదని మా సోదర న్యాయవాదులు తామే తెలిసికొనవలెను. పాఠశాలలలో, ఆసుపత్రులలో, కచ్చేరీలలో ఇంకను తండ్రి పేరు లేనిదే కాగితము కదలదను గుమాస్తాలకు 2015 నాటి తీర్పును చదివి వినిపింపవలెను. అనాథ శిశుగృహములు కట్టునపుడు, ముందు తల్లియు బిడ్డయు కలిసియుండదగు గృహములు కట్టవలెను. అందు ఆమె చేతికొక పని నేర్పవలెను. కాసాబ్లాంకాలో ఒక సేవకురాలు చేయగలిగినది మన జిల్లాలలో మనము చేయలేమా?

ఇవి యన్నియు సభలలో చేయవలసిన పనులు. ఇంటిలో చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. మన యింటి ఆడపడుచునకే యిట్టి ఆపద వాటిల్లినచో, ఆమెను దూరపు చుట్టాల యూరికి పంపి, పుట్టినదానిని గుడిమెట్లపై విడిచి, పరువు నిలిచినదని ఊపిరి పీల్చుకొను కుటుంబములు మన నడుమ లేవా? వేపచెట్టుక్రింది ముసలమ్మకు ఆస్తి లేదు, చదువు లేదు, పరువును గూర్చిన యుపన్యాసములు రావు. ఆమె ఒడి చాచినది. చదువుకొన్న మనము, ఇల్లు వాకిలి గల మనము, రేపు మన వాకిటనే తలుపు చప్పుడైనచో ఏమి చేయుదుము? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమును పత్రికకు వ్రాసి పంపనక్కఱలేదు. తలుపునకు చెప్పిన చాలును.